కొలిచేది ఊపిరిని, రాసేది కేలరీలను

హైదరాబాద్ శివారు అల్మాస్‌గూడలో ఒకే నడకకు మూడు లెక్కలు దొరుకుతాయి. జిమ్‌లో అరగంట నడిచి దిగేసరికి ట్రెడ్‌మిల్ తెర మీద ఒక అంకె ఉంటుంది, చేతి వాచీలో ఇంకొకటి, ఫోన్ యాప్‌లో మూడోది. పొద్దున్నే మీర్‌పేట, కర్మన్‌ఘాట్ వైపు నడిచేవాళ్ళలోనూ, సరూర్‌నగర్ చెరువు దగ్గరా, విక్టోరియా మెమోరియల్ మైదానంలోనూ కలుసుకునేవాళ్ళలోనూ ఈ మాట తరచూ వినిపిస్తుంది: "అన్నా, ఇయ్యాల నీకెన్ని కేలరీలు ఖర్చయినయ్?" ఆ జవాబును బట్టే ఇంటికెళ్ళి రెండు ఇడ్లీలా మూడా అని తేల్చుకునేవాళ్ళున్నారు. షుగర్ ఉన్నవాళ్ళు మాత్ర సంగతి కూడా అదే అంకెను చూసి ఆలోచిస్తారు. అంత నమ్మకం పెట్టుకున్న అంకె ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడం వాళ్ళ హక్కు.

ఆ మూడు పరికరాల్లో ఏదీ కేలరీని కొలవలేదు. ట్రెడ్‌మిల్ బెల్టు వేగాన్ని కొలిచింది. వాచీ మణికట్టు దగ్గర నాడిని, చేతి కదలికను కొలిచింది. ఫోన్ అడుగులు లెక్కపెట్టింది. అక్కడి నుంచి కేలరీ దాకా ఉన్న దారంతా ఊహే. ఎప్పుడో, ఎక్కడో, వేరెవరి శరీరం మీదనో చేసిన కొలతలను సగటు తీసి మన బరువుకు హెచ్చవేసి చూపిస్తున్నారు. ఊహ కావడం తప్పు కాదు, శాస్త్రంలో చాలా భాగం జాగ్రత్తగా చేసిన ఊహే. కానీ ఎవరి శరీరం, ఏ పని, ఎంత తేడా రావచ్చు అన్నది చెప్పకుండా 147 అని ఒకట్ల స్థానం దాకా చూపించడం నాకు సమ్మతం కాదు.

అసలు కొలత రెండు రకాలు. ఒకటి, శరీరం వదిలే వేడిని నేరుగా కొలవడం. రెండోది, శరీరం తీసుకునే ఆక్సిజన్‌ను కొలిచి శక్తిని లెక్కగట్టడం. రెండు దారులూ ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త లవాజియే దగ్గరే మొదలయ్యాయి. 1780లలో ఆయన, లాప్లాస్ కలిసి ఒక గినీపందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, కరిగిన మంచును బట్టి దాని ఒంటి వేడిని లెక్కించారు. తర్వాత తన సహాయకుడు సెగాన్ ముఖానికి మాస్కు తొడిగి, కాలితో బరువు పని చేయించి చూస్తే, కూర్చున్నప్పటికంటే ఆక్సిజన్ వాడకం రెట్టింపు దాటింది. పని చేసే ఒంట్లో జరిగేది ఒకరకమైన దహనమేనని అప్పుడే తేలింది.

వందేళ్ళ తర్వాత అమెరికాలో ఆట్‌వాటర్, రోసా, బెనెడిక్ట్ కలిసి మనిషి రోజుల తరబడి ఉండగలిగే రాగి గదిని కట్టారు. అందులో మంచం, కుర్చీ, తొక్కడానికి సైకిల్ ఉండేవి. గోడల వెంట గొట్టాల్లో పారే నీరు ఎంత వేడెక్కిందో చూసి మనిషి వదిలిన వేడిని లెక్కగట్టేవాళ్ళు. తిన్న తిండిలోని శక్తికీ, బయటికి వచ్చిన శక్తికీ లెక్క దాదాపు అచ్చంగా సరిపోయింది. ఆ గది వల్ల కలిగిన పెద్ద మేలు ఇంకొకటుంది: వేడిని కొలిచినా, ఆక్సిజన్‌ను కొలిచినా ఒకే జవాబు వస్తుందని రుజువైంది. ఇక మనిషిని గదిలో బంధించనక్కర్లేదు, ఊపిరిని పట్టుకుంటే చాలు.

ఊపిరిని పట్టడం ఎలాగో 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో డగ్లస్ చూపించాడు. ముక్కుకు క్లిప్పు పెడతారు. నోట్లో గొట్టం ఉంటుంది. అందులోని కవాటాల వల్ల బయటి గాలి లోపలికి వస్తుంది, వదిలిన గాలంతా వీపుకు కట్టుకున్న పెద్ద సంచిలోకి పోతుంది. కొన్ని నిమిషాల పని అయ్యాక సంచి మూతి బిగించి, లోపల ఎంత గాలి ఉందో, అందులో ఆక్సిజన్ ఎంత తగ్గిందో, కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగిందో చూస్తారు. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే దాదాపు 5 కేలరీలు. (ఈ వ్యాసంలో కేలరీ అంటే తిండి విషయంలో అందరూ చెప్పుకునే కిలో కేలరీయే.) ఆ 5 కూడా స్థిరం కాదు. ఒళ్ళు పిండిపదార్థాన్ని మండిస్తుంటే లీటరుకు 5.05 దాకా వస్తుంది, కొవ్వును మండిస్తుంటే 4.7కు దిగుతుంది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కూ తీసుకున్న ఆక్సిజన్‌కూ ఉన్న నిష్పత్తి చూస్తే ఏది మండుతోందో తెలుస్తుంది: పిండిపదార్థానికి 1, కొవ్వుకు 0.7. అన్నం తిని నడకకు వెళ్ళినవాడికీ పరగడుపున వెళ్ళినవాడికీ ఈ తేడా ఉంటుంది గానీ, మొత్తం మీద అది 7 శాతం దాటదు. 1949లో గ్లాస్గోలో వియర్ ఈ రెండు వాయువుల కొలతల నుంచి నేరుగా కేలరీలు చెప్పే సూత్రాన్ని ఇచ్చాడు. ఇప్పటి కంప్యూటర్ పరికరాలు కూడా లోపల ఆ సూత్రాన్నే వాడుతున్నాయి.

ఇంతవరకు ప్రపంచం కథ. ఇందులో హైదరాబాద్‌కు తనదైన అధ్యాయం ఉంది. మన నగరంలోనే తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో మెకారిసన్ బెరిబెరి వ్యాధి మీద పెట్టిన చిన్న పరిశోధన గది పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు మారింది. ఇప్పటి పేరు 1969లో వచ్చింది. ఇక్కడికి వచ్చిన కొత్తలోనే ఈ సంస్థవాళ్ళు చేపట్టిన పనుల్లో ఒకటి, కష్టపడే మనిషి ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతుందో కొలవడం. 1962లో రమణమూర్తి, దాక్షాయణి రాళ్ళు కొట్టేవాళ్ళ మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు: వాళ్ళు తినేదెంత, ఖర్చు చేసేదెంత అని. 1966లో రమణమూర్తి, బెళవాడి వ్యవసాయ కూలీల మీద అదే ప్రశ్న వేశారు.

హైదరాబాద్ అంటే గుట్టలు, గుండ్లు. వాటిని పగలగొట్టి ఇళ్ళకు పునాది రాయిని, రోడ్లకు కంకరను ఇచ్చింది సమ్మెట పట్టిన చేతులే. సంస్థ కళ్ళ ముందు ఉన్న అత్యంత బరువైన పని అది. అందుకే తర్వాత దశాబ్దాల పాటు భారతీయ వైద్య పరిశోధన మండలి పట్టికల్లో బరువు పనికి మొదటి ఉదాహరణ రాళ్ళు కొట్టేవాడే, ఆడవాళ్ళ పట్టికలోనూ బరువు పని అంటే రాళ్ళు కొట్టడమే. వాళ్ళను కొలిచిన ఉద్దేశం గమనించాలి. బరువు తగ్గించడం కాదు, ఈ పని చేసే మనిషికి ఎంత తిండి కావాలి అన్నది ప్రశ్న. ఇప్పుడు జిమ్‌లో అదే కొలతను తిప్పి అడుగుతున్నాం, ఇంత తిన్నాను, ఎంత పని చేస్తే పోతుంది అని. ప్రశ్న మారినా కావలసిన నిజాయితీ ఒకటే.

1977లో ఇదే సంస్థకు చెందిన సత్యనారాయణ, నాయుడు, ఛటర్జీ, నరసింగరావు ఒక ఫ్యాక్టరీ కార్మికులను పరిశీలించి, ఒంటి బరువుకూ రోజు ఉత్పత్తికీ సంబంధం ఉందని అమెరికా పోషకాహార పత్రికలో రాశారు. అక్కడ వాళ్ళు చేసేది పేలుడు ఫ్యూజుల తయారీ, మూటలు మోసే పని కాదు. అయినా బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ పని తీశారు. రెండేళ్ళ తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళ మీద ఇంకో అధ్యయనం వచ్చింది. పసితనంలో తిండి చాలక చిక్కిపోయిన పిల్లలకు పెద్దయ్యాక పని చేసే సత్తువ తక్కువగా ఉంది. దానికి ముఖ్య కారణం ఒంటి బరువు తక్కువ కావడమేనని తేల్చారు. సన్నగా ఉన్నవాడు అదే బరువు ఎత్తాలంటే తన గరిష్ఠ సామర్థ్యంలో ఎక్కువ భాగం వాడాలి, అందుకే తొందరగా అలసిపోతాడు. కేలరీ ఖర్చు అంకెను ఒంటరిగా చూస్తే ఈ సంగతి బయటపడదు. ఎంత ఖర్చయింది అన్నదానితోపాటు, ఎంతలోంచి ఖర్చయింది అని కూడా అడగాలి.

ఈ కొలతలు ప్రయోగశాలలోనే ఉండిపోలేదు. 1979లో ప్రణాళికా సంఘం కార్యదళం దారిద్య్రరేఖను పల్లెల్లో మనిషికి 2400, పట్టణాల్లో 2100 కేలరీల మీద నిలిపింది. ఎవరు ఎంత పని చేస్తారు, ఆ పనికి ఎంత శక్తి కావాలి అన్న లెక్కల సగటే అది. 2009లో టెండూల్కర్ సంఘం కేలరీ ముడిని విప్పేదాకా దేశంలో పేదలెంతమంది అన్న ప్రశ్నకు జవాబు ఈ అంకెల మీదే ఆధారపడింది. గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే, ఒకే మనిషి ఖర్చు రోజురోజుకూ మారుతుంది, ఒళ్ళు తక్కువ తిండికి సర్దుకుంటుంది, కాబట్టి పేదరికాన్ని ఎక్కువ చేసి చూపిస్తున్నారని వాదించాడు. ఈ సంస్థను నడిపిన గోపాలన్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఆయన దృష్టిలో, సర్దుకోవడమంటే పిల్లవాడు పొట్టిగా ఉండిపోవడం, పెద్దవాడు పని మానుకుని కూర్చోవడం. అవి సర్దుబాట్లు కావు, నష్టాలు. ఫ్యాక్టరీ కార్మికుల అధ్యయనాన్ని, పల్లె కుర్రాళ్ళ అధ్యయనాన్ని చదివాక నాకు గోపాలన్ వాదనే బలంగా అనిపిస్తుంది.

అయితే వైద్య పరిశోధన మండలి పట్టికలను విమర్శించకుండా వదలకూడదు. పాత నివేదికల్లో వృత్తులను మూడు వరుసలుగా పెట్టారు: కూర్చుని చేసే పని, మధ్యస్థం, బరువు పని. కూర్చుని చేసే పని వరుసలో టీచరు, దర్జీ, మంగలి, పూజారితోపాటు పోస్ట్‌మన్‌ను కూడా చేర్చారు. ఎండలో సైకిల్ మీద ఊళ్ళు తిరిగిన పోస్ట్‌మన్‌ను కుర్చీలో కూర్చోబెట్టిన వరుస అది. గంటల తరబడి చాట ముందు కదలకుండా కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళను మధ్యస్థంలో వేశారు, ఇంటి పనంతా చేసుకునే గృహిణిని కూర్చునే వరుసలో వేశారు. బోరింగు నీళ్ళు మోసి, రోకలితో దంచి, బట్టలుతికిన గృహిణి అప్పటికింకా చరిత్ర కాలేదు. వృత్తి పేరును బట్టి ఒంటి ఖర్చును నిర్ణయిస్తే ఇలాగే అవుతుంది.

మండలి 2020 నివేదిక అంకెలను కాస్త దగ్గర పెట్టుకుని చూద్దాం. 65 కిలోల మగవాడికి కూర్చుని చేసే పనైతే 2110 కేలరీలు, మధ్యస్థమైతే 2710, బరువు పనైతే 3470. 55 కిలోల స్త్రీకి 1660, 2130, 2720. వీటి వెనక ఉన్న సూత్రం చాలా సరళమైనది. ఏ పనీ లేకుండా, పరగడుపున, మెలకువగా పడుకుని ఉన్నప్పుడు ప్రాణం నిలుపుకోవడానికి ఒళ్ళు రోజుకు ఖర్చు చేసేది మగవాడికి సుమారు 1507, స్త్రీకి 1185. దాన్ని 1.4తో, 1.8తో, 2.3తో హెచ్చవేస్తే పై ఆరు అంకెలూ వస్తాయి. రాళ్ళు కొట్టేవాడి రోజంతా చివరికి 2.3 అనే ఒక్క గుణకంలో ఇమిడిపోయిందన్నమాట.

ఆ మూలసంఖ్య మీద కూడా పెద్ద చర్చ జరిగింది. ప్రపంచ సంస్థలు వాడిన సూత్రాలు ఎక్కువగా యూరప్ మనుషుల కొలతల నుంచి వచ్చాయి. భారతీయులను కొలిచి చూస్తే ఆ సూత్రాలు ఎక్కువ చెబుతున్నాయని తేలింది, అందుకే మన నిపుణులు పాత నివేదికల్లో 5 శాతం తగ్గించి వాడారు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో శెట్టి, సోరెస్, కుర్పాడ్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పని దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్ళింది. ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది లెక్కలోకి తీసుకుంటే జాతుల మధ్య కనిపించే తేడా చాలావరకు తగ్గిపోతుంది. అదే బరువుకు మనవాళ్ళలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. వాచీకి తెలిసింది బరువే.

ఇప్పుడు మన నడక దగ్గరికి వద్దాం. యాప్‌లన్నీ మెట్ అనే కొలమానం మీద నడుస్తాయి. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని, అంటే గంటకు కిలోకు ఒక కేలరీ అని, దాన్ని 1 మెట్ అన్నారు. ఒక మోస్తరు నడక 3.5 మెట్లు. 1993 నుంచి అమెరికాలో ఎయిన్స్‌వర్త్ బృందం వందలాది పనులకు ఇలాంటి అంకెలతో పట్టిక ప్రచురిస్తూ వస్తోంది. పరిశోధకులు పెద్ద గుంపులను పోల్చుకోవడానికి అది ఎంతో ఉపయోగపడింది. ఒక్కొక్క మనిషికి లెక్క చెప్పడానికి దాన్ని తయారు చేయలేదు. 2005లో బైర్న్, సహచరులు 769 మందిని కొలిచి చూస్తే, కూర్చున్నప్పటి సగటు 3.5 కాదు, 2.6 మాత్రమే.

మన సూత్రంతోనే ఒక ఉదాహరణ వేస్తాను. యాభై ఏళ్ళ మహిళ, 80 కిలోలు. డాక్టరు నడవమంటే నడుస్తున్న మనిషి, మా వీధుల్లో ఎక్కువగా కనిపించే వాకరు. భారతీయ సూత్రం ప్రకారం ముప్పై నుంచి అరవై ఏళ్ళ స్త్రీకి మూల ఖర్చు, బరువును 8.3తో హెచ్చవేసి 788 కలిపితే వస్తుంది: 1452 కేలరీలు. మెట్ లెక్కన కిలోకు గంటకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలకు 1920. అంటే ఏమీ చేయకుండానే రోజుకు 470 కేలరీల తేడా. 65 కిలోల ప్రామాణిక మగవాడికి ఈ తేడా దాదాపు లేదు. కొలమానం ఎవరికి బాగా సరిపోతుందో వాళ్ళు బరువు తగ్గాల్సినవాళ్ళు కారు. ఎవరు ఆ అంకెను నమ్మి తిండి కొలుచుకుంటున్నారో వాళ్ళ దగ్గరే అది ఎక్కువ తప్పుతోంది. దీన్ని నేను చిన్న లోపంగా తీసుకోలేను.

ఆమె అరగంటలో రెండున్నర కిలోమీటర్లు నడిస్తే యాప్ 140 చూపిస్తుంది. అందులో సుమారు 30 ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడిచినందుకు అదనంగా ఖర్చయింది 100 నుంచి 110. చేత్తో లెక్క వేసుకోవాలంటే ఒక సులువైన దారి ఉంది. చదునైన రోడ్డు మీద మామూలు వేగంతో నడిస్తే కిలో బరువుకు, కిలోమీటరుకు, అదనపు ఖర్చు దాదాపు అర కేలరీ. పరుగైతే ఒక కేలరీ. 65 కిలోల మనిషి రెండున్నర కిలోమీటర్లు నడిస్తే 80 కేలరీలు, అంటే వండిన అన్నం అరవై గ్రాములు. కూర్చుని చేసే ఉద్యోగికి చెప్పిన రోజు లెక్కలో ఇది 4 శాతం కూడా కాదు. ట్రెడ్‌మిల్ ముందు కడ్డీ పట్టుకుని నడిస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది, కానీ మెషీన్‌కు ఆ సంగతి తెలియదు. తన బరువు కొట్టకుండా ఎక్కితే ఎవరి బరువుతో లెక్కపెట్టిందో కూడా తెలియదు.

వాచీ ఇంకో దారిలో వెళుతుంది. గుండె వేగం పెరిగితే ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది, కొంత మేరకు రెండూ సమానంగా నడుస్తాయి. ప్రయోగశాలలో మనిషిని మాస్కుతో పరిగెత్తించి, అతని సొంత గీత గీసుకుంటే ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఆ గీత మనిషి మనిషికీ వేరు. వాచీ దగ్గర మన గీత ఉండదు, సగటు గీత ఉంటుంది. పైగా గుండె ఒక్క పని వల్లే కొట్టుకోదు. మే నెలలో హైదరాబాద్ ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు, ఒళ్ళు చల్లబడాలని రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, గుండె వేగం పెంచుకుంటుంది. పని పెరగలేదు, ఆక్సిజన్ వాడకం పెరగలేదు, వాచీలో కేలరీలు మాత్రం పెరుగుతాయి. ఫిల్టర్ కాఫీ, కోపం, నిద్రలేమి, కొన్ని బీపీ మాత్రలు కూడా ఆ గీతను కదిలిస్తాయి. జనవరి తెల్లవారుజామున చేసిన నడకనూ మే సాయంత్రం నడకనూ వాచీ కేలరీలతో పోల్చడం వృథా.

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అరవై మంది వలంటీర్లకు ఏడు రకాల వాచీలు కట్టి, మాస్కు కొలతతో పోల్చారు. గుండె వేగం విషయంలో ఆరు వాచీలు 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. కేలరీల విషయంలో అన్నిటికంటే మంచి వాచీ 27 శాతం తప్పింది, అన్నిటికంటే చెడ్డది 93 శాతం. చర్మం రంగు ముదురైన వాళ్ళలో, బరువెక్కువ ఉన్నవాళ్ళలో తప్పు ఇంకా ఎక్కువగా వచ్చింది. ఆ తర్వాత వాచీలు మారాయి, మెరుగయ్యాయని కంపెనీలు అంటున్నాయి. మన ఒంటి రంగు, మన కండ-కొవ్వు పాళ్ళు, మన ఎండలో కొలిచిన ఫలితాలను పెట్టె మీద అచ్చువేసి అమ్మితే అప్పుడు వింటాను.

బరువులెత్తే వ్యాయామాన్ని ఈ పరికరాలు దాదాపు అసలే పట్టుకోలేవు. పది సెకన్ల గట్టి ప్రయత్నంలో కండరం అప్పటికే దాచుకున్న ఇంధనాన్ని వాడేస్తుంది, ఆక్సిజన్ బాకీ తర్వాత తీరుతుంది. ఆ తర్వాత గంటల కొద్దీ కేలరీలు ఖర్చవుతూనే ఉంటాయని కొందరు ట్రైనర్లు చెప్పేది ఉన్నదానికంటే చాలా పెంచి చెప్పే మాట. దీనికి భిన్నంగా, పెడల్ దగ్గర బలాన్ని కొలిచే వ్యాయామ సైకిల్ నమ్మదగినది. మనిషి చేసిన యాంత్రిక పని అక్కడ నేరుగా తెలుస్తుంది, ఒళ్ళు ఖర్చు చేసే శక్తిలో 20 నుంచి 25 శాతమే అలా పనిగా మారుతుంది. అందువల్ల సైకిల్ చూపించే కిలోజౌళ్ళ అంకెనే ఖర్చయిన కేలరీలుగా తీసుకున్నా పెద్ద తప్పు రాదు.

రోజు మొత్తం ఖర్చును మనిషి బతుకుకు అడ్డుపడకుండా కొలిచే పద్ధతి ఒకటే ఉంది. మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్, మామూలు ఆక్సిజన్ బదులు బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్ళు కొద్దిగా తాగిస్తారు. హైడ్రోజన్ నీటి రూపంలోనే బయటికి పోతుంది. ఆక్సిజన్ నీటితోనూ, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌తోనూ పోతుంది. వారం, రెండు వారాల పాటు మూత్రం పరీక్షించి రెండిటి వేగంలోని తేడా చూస్తే వదిలిన కార్బన్ డయాక్సైడ్ తెలుస్తుంది. మినెసోటాలో లిఫ్సన్ 1955లో ఎలుకల మీద దీన్ని వివరించాడు, ఆ బరువైన ఆక్సిజన్ ఖరీదు వల్ల మనుషుల దాకా రావడానికి 1982 అయింది. ఈ పద్ధతిలో వచ్చే తప్పు కొద్ది శాతమే. కానీ ఏ గంటలో ఏ పనికి ఎంత ఖర్చయిందో ఇది చెప్పదు.

ఈ పద్ధతితో వచ్చిన ఫలితాలు వ్యాయామం గురించి ఉన్న నమ్మకాలను కదిలించాయి. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనం రోజంతా నడుస్తారు. 2012లో పాంట్జర్ బృందం కొలిస్తే, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక వాళ్ళ రోజు ఖర్చు అమెరికా, యూరప్ నగరవాసుల ఖర్చు కంటే ఎక్కువ కాలేదు. 2021లో 29 దేశాల నుంచి ఆరు వేలకు పైగా మనుషుల కొలతలను ఒకచోట చేర్చితే, ఇరవై నుంచి అరవై ఏళ్ళ దాకా ఒళ్ళు శక్తి ఖర్చు చేసే వేగం మారడం లేదని తేలింది. నలభై దాటాక మెటబాలిజం మందగించి లావయ్యామన్న మాటకు ఆధారం లేదు. అదే ఏడాది కెరో బృందం లెక్కగట్టింది: కదలిక పెంచి అదనంగా ఖర్చు చేసిన ప్రతి 100 కేలరీల్లో సగటున 28ని ఒళ్ళు వేరే ఖర్చులు తగ్గించుకుని పూడ్చుకుంటోంది. మన మహిళ నడకలోని 105, రోజు మొత్తం లెక్కలోకి వచ్చేసరికి 75 కావచ్చు.

దీన్ని పట్టుకుని నడక దండగ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. నడక వల్ల కండరం రక్తంలోని చక్కెరను వాడుకుంటుంది, బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. వీటిలో ఏదీ కేలరీ అంకెలో కనిపించదు. పాంట్జర్ ఫలితాలు సుఖాత్మే వాదనకు ఊపిరి పోస్తాయన్నా ఒప్పుకోను. తిండి చాలినంత ఉన్న ఒళ్ళు సర్దుకోవడం వేరు, ఆకలితో పని చేసే ఒళ్ళు సర్దుకోవడం వేరు. రెండోదాంట్లో ఒళ్ళు ఏ ఖర్చును కోసుకుంటుందన్నదే అసలు ప్రశ్న: పిల్లల్లో ఎదుగుదలనా, రోగనిరోధక శక్తినా, బాలింతలో పాలనా?

అల్మాస్‌గూడలో జిమ్ కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఏదో ఒక అపార్టుమెంటుకు స్లాబ్ పడుతూ ఉంటుంది. పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కూలీలు. చుట్టబట్ట మీద కాంక్రీటు తట్ట పెట్టుకుని ఆడవాళ్ళు మెట్లెక్కుతుంటారు. వాళ్ళ ఒంటి ఖర్చుకు సంబంధించి మనకు తెలిసినవి కొన్ని పాత కొలతలే. 1971లో దత్తా, రామనాథన్ మన దేశంలోనే ఏడు రకాల మోతలను పోల్చారు. ముందూ వెనకా సమంగా సర్దిన మూట అన్నిటికంటే చవక, తల మీద మోత దాదాపు దాంతో సమానం, కావడి ఇంకా ఎక్కువ, రెండు చేతుల్లో మోయడం అన్నిటికంటే ఖర్చు, మొదటిదాని కంటే దాదాపు నలభై శాతం ఎక్కువ. 1986లో కెన్యా స్త్రీలను కొలిచిన మలోయ్, సహచరులు, అలవాటున్న స్త్రీ తన బరువులో ఐదో వంతు దాకా తల మీద అదనపు ఖర్చు లేకుండా మోస్తోందని చూపించారు. ఇవన్నీ చదునైన నేల మీద లెక్కలు. మెట్లు ఎక్కేటప్పుడు ఆ పొదుపు ఉండదు. తన బరువునూ తట్ట బరువునూ కలిపి పైకి ఎత్తాల్సిందే. మెడ ఎముకల మీద పడే భారం ఆక్సిజన్ లెక్కలో రాదు.

ట్రెడ్‌మిల్ మీద 147 చూసుకునే వాళ్ళకు కావలసింది పెద్ద పరిశోధన కాదు. మెషీన్ మొత్తం ఖర్చునా, కూర్చున్న ఖర్చు తీసేసి అదనాన్నా చూపిస్తోందో తెర మీద రాస్తే చాలు, 147 బదులు '100 నుంచి 180 మధ్య' అని చూపిస్తే ఇంకా మంచిది. ఈలోపు దూరం, సమయం, అదే వేగానికి గుండె ఎంత కొట్టుకుంటోంది అన్న మూడూ రాసుకుంటే, వాచీ బాగా కొలిచే వాటినే వాడుకున్నట్టవుతుంది. నెల తర్వాత అదే వేగానికి నాడి తగ్గితే ఒళ్ళు కుదుటపడుతున్నట్టే.

స్లాబ్ మీద పని చేసేవాళ్ళకు మాత్రం పరిశోధనే కావాలి. రాళ్ళు కొట్టేవాళ్ళను కొలిచి అరవై ఏళ్ళు దాటింది. అప్పటి సమ్మెట స్థానంలో చాలాచోట్ల యంత్రం వచ్చింది, యంత్రం చేరని పనులు మిగిలాయి, కొత్త పనులు పుట్టాయి. అప్పట్లో వీపున సంచి మోయించాల్సి వచ్చింది, ఇప్పుడు ప్రతి ఊపిరినీ కొలిచే పరికరం కిలో లోపు బరువుతో ఛాతీకి కట్టుకునేలా వచ్చింది. తార్నాకలో సంస్థ ఉంది, అనుభవం ఉంది, కొలవాల్సినవాళ్ళు నగరమంతటా ఉన్నారు. తట్ట మోసే ఆడకూలీ, సెంట్రింగ్ మనిషి, మే ఎండలో బండి మీద తిరుగుతూ నాలుగో అంతస్తుకు పార్శిల్ మోసే డెలివరీ కుర్రాడు, తెల్లవారక ముందే రోడ్లు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలు, ఈ నలుగురితో ఆ పని మొదలుపెట్టవచ్చు. ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి కొలవాలి. కూలి పని దగ్గర పెట్టే మధ్యాహ్నం భోజనం ఎంత ఉండాలో, నీడలో విశ్రాంతి ఎన్ని నిమిషాలు ఇవ్వాలో, గర్భిణిని ఏ మోతకు దూరంగా ఉంచాలో ఆ అంకెలను బట్టే నిర్ణయించాలి.